పెద్దమ్మ పళ్లతో తీసిన బుల్లెట్టు

ఆ రోజుల్లో మా పెదపాడు వైపు సన్మానమంటే శాలువా, దండ ఉంటే చాలదు, ఫ్రేము కట్టిన సన్మాన పత్రం కూడా ఉండాలి. అందులోని మనిషి సింహమో సముద్రమో కావాలి తప్ప మామూలు మనిషి కాకూడదు. డిగ్రీ రెండుసార్లు తప్పిన నాకు అవి రాసే విద్య ఒక్కటే వచ్చు. మిలటరీ నర్సింగులో బ్రిగేడియరై, మా చుట్టుపక్కల ఊళ్లలో ఆ హోదా చూసిన మొదటి ఆడమనిషి మా పెద్దమ్మ. ఆమె సెలవు మీద వస్తే, చర్చిలో చదివే పత్రం నాకు అప్పగించారు. "బాగా రాయన్నయ్యా," అని బతిమాలింది మా చెల్లి. మిలటరీ నర్సింగులో చేరడానికి దానికీ దరఖాస్తు ఫారం వచ్చింది. మర్నాడు ఏలూరులో పోస్టు చేయకపోతే గడువు దాటిపోతుంది. నాన్నేమో పెద్దమ్మ సంగతులు విన్నాకే సంతకం పెడతానన్నారు.

పెద్దమ్మని అడిగితే, "నర్సింగు చదివాను, లెఫ్టినెంటుగా చేరాను, వార్డులు చూశాను, తర్వాత నర్సింగు పిల్లలకి పాఠాలు చెప్పాను. రాసుకో," అంది. ఇంతేనా! నేను ఆమెను మంచుకొండ ఎక్కించాను, గుళ్లవానలో నడిపించాను, జవాను భుజంలోంచి బుల్లెట్టుని పళ్లతో లాగించాను (ఏ పన్నో రాయలేదు, ఆమాత్రం నిజాయితీ ఉండేది). చర్చిలో నేను చదువుతుంటే కొల్లేటి కొంగలు కూడా బెదిరి లేచిపోయి ఉంటాయి. పాస్టరుగారు కళ్లు తుడుచుకున్నారు.

నాన్న మాత్రం లేచి నిలబడ్డారు. "ఏమీ అనుకోకండి వదినగారూ. పిల్లని గుళ్ల మధ్యకి పంపలేనండి." చెల్లి నా వైపు చూసిన చూపుకి గుండెల్లో నిజంగానే ఏదో దిగబడింది.

పెద్దమ్మ మైకు అందుకుంది. "ఏవండీ, ఇన్నేళ్లలో నేను పళ్లతో తీసింది సూది మూత ఒక్కటేనండి. అదీ తప్పే. ఇప్పుడు పిల్లలెవరైనా అలా తీస్తే తిడతాను. దుప్పటి ముడత లేకుండా పరవడం, జ్వరం చూసి చార్టులో రాయడం, నొప్పితో ఉన్నవాడి పక్కన నిలబడడం, నా పని ఎక్కువగా ఇదేనండి."

"భయం వెయ్యలేదాండి?" అన్నారు నాన్న.

"ఎందుకు వెయ్యదండీ? మొదటిరోజు బాత్రూములో తలుపేసుకుని ఏడ్చాను. మొహం కడుక్కుని డ్యూటీకి వెళ్లాను."

నాన్న జేబులో పెన్ను తడుముకున్నారు. "అక్కడ అన్నం పెడతారాండి?"

"రొట్టెలండి. ఆవకాయ పంపండి."

నాన్న చెల్లిని అటు తిరిగి నిలబడమని, దాని వీపు మీదే కాగితం పెట్టి సంతకం చేశారు.

ఇప్పుడు చెల్లి కూడా పెద్ద హోదాలో ఉంది. ఫోను చేస్తే, "వార్డు రౌండుకి వెళ్లాలన్నయ్యా," అని పెట్టేస్తుంది. ఆ ఒక్క ముక్కనీ నేను తాడేపల్లిగూడెం టీకొట్టులో అరగంట చెబుతాను. మధ్యలో ఎక్కడో హెలికాప్టరు కూడా దిగుతుంది. అందరూ నోళ్లు తెరుచుకుని వింటారు. నన్ను ఆపి, ఉన్నమాట చెప్పడానికి ఇప్పుడు పెద్దమ్మ లేదు.