ఉప్పునీళ్లకు లేవని టెంకాయ

వజ్రకరూరులో తొలకరి పడితే జనం వజ్రాల కోసం చేలల్లో వంగి తిరుగుతారు. అల్లాబకాష్ మాత్రం అంతకంటే అరుదైనదాన్ని ఏడాది పొడుగునా వెతుకుతాడు. అరచేతిలో టెంకాయను పడుకోబెట్టి, బిస్మిల్లా అనుకుని, చేనంతా నడుస్తాడు. ఎక్కడ టెంకాయ లేచి నిలబడితే అక్కడ బోరు పాయింటు. నలభై ఏళ్లుగా ఇదే పని. నీళ్లు పడితే అల్లాబకాష్ చేతి చలవ, పడకపోతే రైతు తలరాత. ఇంత భద్రమైన వృత్తి మరొకటి ఉండదు.

మండలమంతా 'నీళ్ల అల్లాబకాష్' అని పిలిచే ఈ మనిషికి నీళ్లంటే చచ్చే భయం. బుద్ధెరిగాక ఆయన తాకిన అతి లోతైన నీళ్లు స్నానం బకెట్లోవి, అవీ అరబకెట్టు. నీళ్లకు భయపడే అవకాశమే రాని ఊళ్లో బతికాడు కాబట్టి ఈ సంగతి భార్య మేరాజ్ బీకి కూడా తెలియదు.

గుట్టు రట్టయ్యే ముప్పు కొడుకు ఖాజా తెచ్చాడు. గుంతకల్లు రైల్వేలో పనిచేసే ఖాజా, ఎండాకాలం సెలవుల్లో ఒక టెంపో మాట్లాడి, ఇంటివాళ్లతో పాటు వీధివాళ్లను కూడా కార్వార్ వైపు సముద్రానికి బయలుదేరదీశాడు. కిరాణా కొట్టు శేషయ్య కూడా ఎక్కాడు. రెండేళ్ల కిందట శేషయ్య చేలో అల్లాబకాష్ పెట్టిన పాయింటులో ఏడు వందల అడుగులు దించినా దుమ్మే లేచింది. అప్పటి నుంచి ఆయన పలకరింపులో ఆ దుమ్ము కొంచెం కలిసే ఉంటుంది.

ఇక ఖాజా కూతురు షమా, పదేళ్ల పిల్ల, దారి పొడుగునా ఒకటే పాట. నీళ్లు తాత మాట వింటాయట. తాత పక్కనుంటే పడవ మునగదట. ఎక్కితే తాతతోనే ఎక్కుతుందట. ఆ పిల్ల ముందు పరువు పోవడం కంటే మునిగిపోవడమే మేలని అల్లాబకాష్ ఒకసారి అనుకున్నాడు. కాసేపాగి, అదీ వద్దులెమ్మనుకున్నాడు.

రెండు కొండల మధ్య సముద్రం సందు చేసుకుని లోపలికొచ్చి, పచ్చగా, అలలు లేకుండా ఆగిపోయిన చోటది. ఇన్ని నీళ్లు పెట్టుకుని ఈ ఊరోళ్లు కొళాయి కాడ దేనికి కొట్లాడతారని, దారిలో బిందెల గొడవ చూసిన మేరాజ్ బీ అడిగింది. ఒడ్డున పొడుగాటి ప్లాస్టిక్ పడవలు ఉన్నాయి. కయాక్‌లట. ఒక్కొక్కదాంట్లో ఇద్దరు కూర్చుని తెడ్లు వేసుకుంటూ పోవాలి.

అల్లాబకాష్ మొదట మోకాలు నొప్పి అన్నాడు. తర్వాత నమాజు వేళ అన్నాడు. దానికింకా గంటన్నర ఉందని మేరాజ్ బీ చెప్పేసింది. చివరికి, నీళ్లు చూడకుండా దిగడం తన పద్ధతి కాదంటూ సంచిలోంచి టెంకాయ తీశాడు. అది చూసి ఒడ్డు మీది జనం మూగారు.

తడి ఇసుకలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. టెంకాయ లేవలేదు. ఎదురుగా సముద్రం పెట్టుకుని, అది ఆయన అరచేతిలో మధ్యాహ్నం కునుకు తీసింది. శేషయ్య పంచె ఎగ్గట్టి దగ్గరికొచ్చాడు.

“ఏమప్పా బకాషూ, సముద్రం గూడా ఎండిపోయినట్లుండాదే,” అన్నాడు.

నలభై ఏళ్ల పేరు ఇసుకలో పడబోయింది. అల్లాబకాష్ గొంతు సవరించుకున్నాడు. “ఉప్పునీళ్లకు లేయదు శేషయ్యా. మంచినీళ్లకే లేస్తాది.”

అదీ నిజమేనని జనం తలలూపారు. గండం గడిచిందని ఆయన ఊపిరి పీల్చుకునేలోగా షమా ఒక లైఫ్ జాకెట్ తాను తొడుక్కుని, రెండోది తెచ్చి తాత మెడలో వేసింది.

పడవలాయన అల్లాబకాష్‌ను రెండు చంకల కింద పట్టి కూర్చోబెట్టాడు. షమా ముందు, తాత వెనక. తెడ్డు పిల్లే వేసింది. తాత తన తెడ్డు కాళ్ల దగ్గర పడేసి, అలవాటు కొద్దీ టెంకాయను అరచేతిలో పెట్టుకున్నాడు. ఒడ్డు దూరమైంది. నీటి అడుగు కనపడటం మానేసింది. వచ్చిన దువాలన్నీ చదివేసి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. చేతులు వణికాయి. టెంకాయ మెల్లగా కదిలి, లేచి, నిటారుగా నిలబడింది.

సరిగ్గా అప్పుడే షమా వెనక్కి తిరిగింది. “ఉప్పునీళ్లకు లేయదంటివే తాతా.”

ఒడ్డు మీదైతే ఏదో ఒక అబద్ధం దొరికేది. నడి నీళ్లలో ఒక్కటీ తట్టలేదు. “నాకు బయమైతాండాది బిడ్డా. చెయ్యి వణికితే లేస్తాది ఇది.”

షమా తెడ్డు ఆపి ఆలోచించింది. “మన చేన్లల్లో ఇన్ని నీళ్లు లేవు గదా. ఆడెందుకు లేస్తాది?”

ఈ ప్రశ్న నలభై ఏళ్లలో ఎవరూ అడగలేదు. ఆయనా తనను తాను అడిగి చూసుకోలేదు. చేలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఎండలో నిలబడ్డ రైతు, వెనక కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న అతని భార్య, గట్టు మీద పిల్లలు. అందరి చూపూ తన అరచేతి మీదే.

“ఆడ గూడా బయమే,” అన్నాడు. “పడకపోతే వాళ్ల మొగాలు ఎట్ల చూసేదని. శేషయ్య చేన్లో అయితే ముందునాడు నిద్ర గూడా పట్టలేదు.”

చెప్పాక గుండె తేలికైంది. ఆ వెంటనే, ఇక తన పేరు గంగలో కలిసినట్లేనని దుఃఖం వచ్చింది.

ఒడ్డున శేషయ్య కాచుకునే ఉన్నాడు. టెంకాయ ఏమన్నా లేచిందా అని పిల్లనే అడిగాడు.

“లేసింది,” అంది షమా. “మా తాతకు బయమైతే లేస్తాదంట. మీ చేన్లో శానా బయపడినాడంట.”

శేషయ్య పగలబడి నవ్వుతాడని అల్లాబకాష్ కళ్లు దించుకున్నాడు. నవ్వు వినపడలేదు. శేషయ్య ఇసుకలో చతికిలబడి తన సంగతీ చెప్పుకొచ్చాడు. ఆ పొద్దు బోరు బండి పక్కన తానొక్కడే భయపడుతున్నానని అనుకున్నాడట. చేతులు వణికేది కనపడకుండా పంచెలో దాచుకున్నాడట.

తర్వాత టెంకాయ అడిగి తీసుకుని, కొట్టులో సరుకు చూసినట్టు చెవి దగ్గర ఊపాడు. దీంట్లో మాత్రం నీళ్లు గ్యారంటీ అని తిరిగి ఇచ్చేశాడు.

“వానల్లోపల ఇంగో పాయింటు చూడల్ల బకాషూ. నువ్వే రావల్ల.”

“టెంకాయ తెచ్చేదా?” అని అడిగాడు అల్లాబకాష్.

“తెచ్చినా తేకపోయినా ఒగటే. పక్కన నిలబడు, సాలు.”

అల్లాబకాష్ తలూపాడు. చేతిలో టెంకాయ మళ్లీ లేవబోయింది. ఎవరూ చూడకముందే రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.