ఫొటో డ్యూటీకి వెళ్ళిన రోజులు

వేలు తెగితే టీటీ సూది వేయించుకోవడానికి మొన్న అనకాపల్లిలో ఒక ఆసుపత్రికి వెళ్ళాను. నర్సు దూదితో నా జబ్బ మీద స్పిరిట్ రాసింది. సూదికి భయపడే మనిషిని కాను గానీ ఆ వాసనకి ఒళ్ళు జలదరించింది. నలుగురికీ స్పిరిట్ వాసనంటే ఆసుపత్రి గుర్తొస్తుంది కాబోలు. నాకు మాత్రం రూతమ్మ గారు ఒక మిషను అద్దం ముందు నిలబడి, తనెవరో అది చెప్పాలని ఎదురుచూస్తూ కనిపిస్తారు.

రూతమ్మ గారు మందుల కంపెనీలో నా మొదటి పై అధికారి. ల్యాబ్‌లో మాత్రలు పరీక్షించే పని మాది. ఆవిడది ఎలమంచిలి. ఆదివారం చర్చిలో పాడిన పాట సోమవారమంతా ల్యాబ్‌లో కూనిరాగంగా వినిపించేది. మాకవరపాలెం దగ్గర చెరుకు రైతు కూతురిని, గాజు గొట్టం ఎలా పట్టుకోవాలో కూడా తెలీదు నాకు. పక్కన నిలబెట్టుకుని పని నేర్పారు. కళ్ళారా చూడనిదాని కింద సంతకం పెట్టొద్దన్నది మొదటి పాఠం. తప్పు చేస్తే చెడామడా తిట్టేవారు, తిట్టాక తన క్యారేజీలో సగం నాకు పెట్టేవారు. ఆవిడంటే నాకు ప్రాణం.

కొన్నాళ్ళకి ల్యాబ్ గుమ్మం పక్కన ముఖం చూసి హాజరు వేసే మిషను పెట్టారు. పని పంచడానికి ఫోనులో యాప్ వచ్చింది. యాప్ వచ్చింది కదా అని మనుషుల్ని తగ్గించేశారు, వాళ్ళ పనంతా రూతమ్మ గారి నెత్తిన పడింది. అన్నం తింటున్నా, బస్సులో ఉన్నా, చర్చిలో మోకరించినా ఆ ఫోను టింగుమనేది. వరసగా రెండేసి షిఫ్టులు చేసిన వారంలో ఒక పొద్దున మిషను ఆవిడ ముఖం చూసి, గుర్తించలేదని చెప్పింది. అందరం నవ్వాం. వాచ్‌మన్ సన్యాసిరావు బాబాయి స్పిరిట్ దూదితో అద్దం తుడిచాడు. మళ్ళీ అదే మాట. వెనకే నిలబడిన నన్ను మాత్రం చిటికెలో గుర్తుపట్టింది. విశ్రాంతి దొరికిన ఆదివారం మర్నాడు ఆవిడనీ గుర్తుపట్టేది, వారం మధ్యకొచ్చేసరికి మరిచిపోయేది. ఇది గమనించాక మాలో ఎవరూ నవ్వలేదు.

ఉపాయం బాబాయే కనిపెట్టాడు. ఆవిడ మెడలోని కార్డు మీద ఉద్యోగంలో చేరినప్పటి ఫొటో ఉంది, నిండు బుగ్గలతో. దాన్ని చూపిస్తే మిషను వెంటనే స్వాగతం చెప్పింది.

"కార్డు ఇక్కడ ఒగ్గేసి ఎల్లండమ్మా. పొద్దున్నే నానే సూపించేత్తాను" అన్నాడు.

మంచికే అన్నాడు పాపం. ఆనాటి నుంచి కార్డు గుమ్మం పక్క మేకుకి వేలాడేది. ఆవిడ బస్సు దిగకముందే ఫొటో డ్యూటీ ఎక్కేసేది.

జ్వరంతో ఆవిడ మంచమెక్కినప్పుడు కూడా బాబాయి అలవాటుకొద్దీ చూపిస్తూనే ఉన్నాడు. నా కంప్యూటర్‌లో ఆవిడ పేరు పక్కన హాజరైనట్టు పచ్చచుక్క వెలుగుతోంది, ఎదురుగా కుర్చీ ఖాళీ, యాప్ ఆ ఖాళీ కుర్చీకి పని పంచుతూనే ఉంది. ఆవిడ తిరిగొచ్చి జ్వరం రోజులకి సెలవు రాసుకోమంటే, రోజూ వచ్చారు కదా, సెలవెందుకని ఆఫీసువాళ్ళు అడిగారట. పైగా హాజరు బాగుందని మెచ్చుకోలు మెసేజి. ఆవిడ అది నాకు చూపించి కార్డు వైపు చూస్తూ ఉండిపోయారు. చెప్పొద్దూ, ఆ ఫొటోలో మనిషే ఈవిడకన్నా బతికున్నట్టు అనిపించి నాకు భయం వేసింది.

ఆ మధ్యాహ్నం క్యారేజీ విప్పకుండానే ఆవిడ చెప్పారు.

"నిన్న ఇంటికెల్తే మా చిన్నది తలుపు తీసిందే. నన్ను ఎగాదిగా చూసి, అమ్మ డ్యూటీకెల్లిందండి, ఇంట్లో లేదు అనేసి తలుపేసేసింది."

ఆటపట్టించిందేమో అన్నాను.

"లేదే. లోపలికెల్లి వాళ్ళ నాన్నతో, ఎవరో వచ్చేరని చెప్తంది. నాకు వినపడింది."

క్యారేజీ నేనే విప్పి ఆవిడ ముందుకి జరిపాను. మిషను తప్పేమీ లేదనీ, తనే కనిపించడం మానేశాననీ ఆవిడ నెమ్మదిగా అన్నారు. సాయంత్రం పనంతా నాకు అప్పగించి ఇక రానన్నట్టు బయలుదేరుతుంటే, మేకుకున్న కార్డు తీసుకెళ్ళమని గుర్తుచేశాను.

"దానికే కదే ఉద్యోగం కావాల్సింది. ఉండనీ" అన్నారు.

మళ్ళీ రాలేదు. ఆవిడ పంపిన రాజీనామా పైవాళ్ళ దాకా చేరేవరకు ఫొటో ఒక్క పూట కూడా మానకుండా డ్యూటీ చేసింది.

ఆవిడ కుర్చీ నాకిచ్చారు. పొంగిపోయాను, దాచడమెందుకు. కుర్చీతో పాటు ఆ ఫోనూ, ఆ షిఫ్టులూ వచ్చాయి. చాలాకాలానికి ఎలమంచిలి బస్టాండులో రూతమ్మ గారు కనిపించారు. ముఖం తేటపడింది, కూతురు ఆవిడ చెయ్యి పట్టుకుని వేలాడుతోంది. ప్రాణం లేచొచ్చి, ఎదురుగా వెళ్ళి నిలబడి నవ్వాను. ఆవిడ మర్యాదగా చూశారు.

"ఎవరమ్మా? ఏటి కావాలి?"

పేరు చెప్పాను. ఆవిడ నా గడ్డం పట్టుకుని వెలుతురులోకి తిప్పి చూశారు.

"ఎన్నాళ్ళయిందే నువ్వు నిద్రోయి?" అని నడి బస్టాండులో ఏడ్చేశారు.

ఆ రోజు డ్యూటీకి వెళ్ళలేదు. బస్సులు మారి మాకవరపాలెంలో మా అక్క ఇంటికి వెళ్ళాను. తరవాత ఆ ఉద్యోగం మానేసి, ఇప్పుడు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పుకుంటున్నాను. కంటినిండా నిద్రపోతున్నాను. అయినా ఎవరింటి తలుపు తట్టినా, తీసినవాళ్ళు నన్ను పేరు పెట్టి పిలిచేదాకా ఊపిరి బిగబట్టుకునే ఉంటాను. ఆ రోజు మా అక్క తలుపు తీసి, నన్ను ఎగాదిగా చూసి, ఎవరు కావాలండీ అని అడిగింది.