తెల్ల స్వెట్టరుకు పసుపు అంచు

మా చిన్నప్పుడు చలికాలం వచ్చిందంటే నా రెండు చేతులూ నావి కావు... అమ్మవే. మంచు కురిసే ట్రాయ్ ఊళ్ళో మా అపార్ట్‌మెంట్ హీటర్ పక్కన నన్ను కూర్చోబెట్టి, చాచిన చేతులకు ఊలు కట్ట తగిలించి, ఎదురుగా కూర్చుని ఉండ చుట్టుకునేది. ముక్కు దురద పెట్టినా గోక్కోవడానికి లేదు! "కదిలావంటే చిక్కుపడుతుందే అమ్మడూ" అని బెదిరింపు ఒకటి.

ఇప్పుడు నా అల్లిక సామాను చూస్తే అమ్మకు నవ్వు ఆగదు. ఊలు చుట్టడానికి గిరగిరా తిరిగే చక్రం, ఉండ పెట్టుకోవడానికి పింగాణీ గిన్నె, కుట్లకు గుర్తుగా రంగురంగుల రింగులు, వెదురు సూదులు... అమ్మకు ఉన్నవల్లా రెండు పొడుగాటి సూదులు, ఉండ దొర్లిపోకుండా ఒక స్టీలు చెంబు, గాజుకు వేలాడే పిన్నీసుల గుత్తి. కుట్లు జారకుండా పట్టాలన్నా, ఎక్కడ తగ్గించాలో గుర్తుండాలన్నా ఆ పిన్నీసులే.

ఊలు కొనడంలోనూ అమ్మది ఒకటే పట్టు. వాషింగ్ మెషిన్‌లో పడేసినా చెక్కుచెదరకూడదు. అందుకే నాన్న మఫ్లరు, నా టోపీలు, సోఫా మీద దుప్పటి... అన్నీ యాక్రిలిక్కే.

నేను మూడో తరగతిలో ఉండగా స్కూల్లో వింటర్ కాన్సర్ట్ వచ్చింది. పాడే పిల్లలందరూ తెల్ల స్వెట్టర్లే వేసుకోవాలన్నారు. పొట్టిదాన్ని కాబట్టి నాకు ముందు వరస. ఆ సంబరంలో అమ్మ పట్టు సడలించి, మెత్తటి అసలైన ఊలు కొనుక్కొచ్చింది. ముందువైపు జడల్లా మెలికలు వేసి, చాలా ఓపిగ్గా అల్లింది. ఎంత బాగా వచ్చిందో చెప్పలేను!

కాన్సర్ట్ ముందురోజు ఆదివారం. నాకు తొడిగి చూద్దామని తీసింది. కొత్త బట్ట కదా... అలవాటు కొద్దీ, అంచుకు తడి పసుపు బొట్టు పెట్టేసింది!

పట్టుపావడాకైతే ఏ మూలో పెడితే ఎవరికీ కనపడదు. తెల్ల ఊలు ఊరుకుంటుందా? గుటుక్కున తాగేసింది. అమ్మ కంగారుపడి సబ్బు పెట్టి రుద్దింది. ఇంకేముంది... పసుపు కాస్తా ఎర్రబారి, పారాణి పూసినట్టు తయారైంది.

"ఓ పూట ఎండలో వేస్తే పోతుందిలెండి" అంది నాన్నతో.

నాన్న కిటికీ తెర పక్కకు లాగి చూపించారు. బయట మబ్బు, మంచు తప్ప ఇంకేమీ లేవు. "ఎండ కావాలంటే ఏప్రిల్ దాకా ఆగాలోయ్" అన్నారు.

నాది ఒకటే ఏడుపు. అప్పట్లో అందరు పిల్లల్లాగా కనపడడం కన్నా నాకు పెద్ద కోరిక లేదు. "మామ్, ఎవ్రీబడీ నవ్వుతారు! నన్ను బ్యాక్ రోలో పెట్టేస్తారు!"

అమ్మ స్వెట్టరు ఒళ్ళో పరుచుకుని, మరకకు కాస్త పైన ఒక పోగును కత్తెరతో పుటుక్కున కత్తిరించింది. నేను కెవ్వుమన్నాను! పోగు లాగుతూ పోతే మరకతో సహా అంచు మొత్తం ఊడొచ్చింది. తెరుచుకున్న కుట్లను పిన్నీసులకు తగిలించి, ఒక్కొక్కటే సూది మీదకు ఎక్కించుకుంది.

తీరా చూస్తే తెల్ల ఊలు అయిపోయింది. ఆ మంచులో కొట్టుకు వెళ్ళే వీలు లేదు. నా టోపీకి అల్లగా మిగిలిన మామిడిపండు రంగు ఊలు మాత్రం ఉంది. సాయంత్రానికల్లా నా తెల్ల స్వెట్టరుకు పచ్చటి పసుపు అంచు తయారైంది.

"చిన్న మరక పోగొట్టమంటే చుట్టూ పూసిచ్చావే!" అని నాన్న పడీ పడీ నవ్వారు. "మీరు కాసేపు ఊరుకుంటారా" అని అమ్మ.

మర్నాడు స్టేజి ఎక్కే ముందు మ్యూజిక్ టీచర్ నన్ను ఆపింది. వంగి, అంచు పట్టుకుని చూసింది. ఇది మీ అమ్మ అల్లిందా అని ఇంగ్లీషులో అడిగింది. తలూపాను. ఎంత బాగుందో అని, మడత సరిచేసి, ముందు వరసలో నా చోటికే పంపించింది.

కాన్సర్ట్ అయ్యాక అమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చేసింది. "అంత తెలుపులో నిన్ను వెతుక్కునే పనే లేకపోయిందే! పాటంతా నిన్నే చూశాను" అంది. ఆ మొహంలో వెలుగు చూశాక నా ఏడుపు ఎటు పోయిందో నాకే తెలీదు.

పోయిన వారం మా పాప కాన్సర్ట్. ఇక్కడా తెల్ల స్వెట్టర్లే. మంచి మెరీనో ఊలు తెచ్చి, నెలల ముందే నేనూ ఒకటి అల్లిపెట్టాను. "అమ్మా, ఇట్స్ సో ఇచీ" అని పాప మెడ గోక్కుంటూ విప్పేసి, కొన్న స్వెట్టరు వేసుకుని వెళ్ళింది. సరేలే అనుకుని ఫోన్ జూమ్ చేసి, కళ్ళు తుడుచుకుంటూ మరీ పాట మొత్తం వీడియో తీశాను.

ఇంటికొచ్చి వీడియో చూసుకుంటే... ఆ పిల్ల ఎవరో!

ఈ రోజుల్లో బట్టలకేం, బోలెడున్నాయి... దూరం నుంచి చూసి "అదుగో మా పిల్ల" అనుకునేలా ఉండేవే కరువయ్యాయి. మీ అమ్మో అమ్మమ్మో చేతుల్తో చేసి తొడిగినవి మీకూ ఉండే ఉంటాయి కదా... కింద రాయండి. వీడియోలో మా పాప ఏ వరసలో ఉందో వెతుక్కుంటూనే అన్నీ చదువుతాను.