అక్క నా కోసం చేసిన ప్రార్థన

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ ఎప్పుడూ తిట్టేది. నిజమే. అయినా కడుపుతో ఉన్న సంగతి నేను ఊరంతా చాటలేదు. ఒక్క మనిషికే చెప్పాను. మా పక్క గదిలో ఉండే అక్కకు.

పుప్పాలగూడలో పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ల వెనకాల, పాత ఊరి వైపు, మా రేకుల గదులు తొమ్మిది ఒకే వరసలో ఉంటాయి. అందరం నారాయణపేట వైపు పల్లెల నుంచి పనికోసం వచ్చినవాళ్ళమే. అందరికీ కలిపి ఒక్కటే నల్లా, ఒక్కటే ప్రార్థన షెడ్డు. పేరుకు సిటీ అంటారు గానీ, మా వరస ఊరు లాంటిదే. ఒకరింట్లో కూర మాడితే తొమ్మిదిళ్ళకూ తెలుస్తుంది.

మా ఆయన రంగులేసే పనిలో పరంజా మీద నుంచి జారిపడి కాలు విరగ్గొట్టుకున్నప్పుడు నన్ను నిలబెట్టింది ఆ వరసే. అందులోనూ అక్క. "నువ్వు దవాఖానల ఉండు చెల్లె. పొయ్యి సంగతి నాకిడ్సిపెట్టు" అంది. పన్నెండు రోజులు రెండు పూటలా టిఫిన్ డబ్బా పంపింది. ఆమెకేమైనా మిగిలి ఉందా అంటే, లేదు. భర్త ఎప్పుడో వదిలేసి పోయాడు. ముగ్గురు ఆడపిల్లలు. ఒక రోజు డబ్బాలో అన్నం కొంచెమే ఉంది. "ఏందక్కా, నువ్వు తిన్నవా?" అంటే, "ఇయ్యాల నాకు ఉపవాసం" అని నవ్వింది. ఆ రోజు మంగళవారం. మా ఉపవాసాలు శుక్రవారం. నాకు తెలియకపోతే కదా!

అక్కా నేనూ ఒకే ఐటీ బిల్డింగ్‌లో హౌస్‌కీపింగ్ చేసేవాళ్ళం, ఒకే అంతస్తులో. ఆ అంతస్తుకు మేమిద్దరమే. అక్కడా కష్టం మొదలైంది. కంపెనీలు రెండు అంతస్తులు ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. మా ఏజెన్సీ వాళ్ళు సగం మందిని తీసేస్తామన్నారు. ఎవరుంటారో, ఎవరు పోతారో సోమవారం లిస్టు వస్తుందని సూపర్‌వైజర్ సారు చెప్పాడు.

సరిగ్గా అప్పుడే నాకు రెండో నెల తప్పింది. కడుపుతో ఉందని తెలిస్తే ఏజెన్సీ వాళ్ళు పనిలో ఉంచరు. ఎక్కడా రాసి ఉండదు, ఎవరూ గట్టిగా అనరు, కానీ ఉంచరు. మా ఆయన కాలికి ఇంకా కట్టు ఉంది. నా పని పోతే మా ఇంట్లో పొయ్యి ఆరిపోయినట్టే. అయిదో నెల దాకా ఎలాగో దాచుకుందామని నా లెక్క.

నల్లా దగ్గర బట్టలు పిండుతూ అక్కకు చెప్పేశాను.

"ఎవ్వలకు చెప్పకక్కా, నీ కాళ్ళు మొక్కుత."

"పిచ్చిదానా, నేనెవ్వలకు చెప్త? దేవునికి చెప్త, అంతే" అని తడి చేతులతోనే నా చెంపలు నిమిరింది.

ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థనకు అక్క ఒక పెద్దావిడను చేయి పట్టుకుని తీసుకొచ్చింది. తెల్ల చీర, కళ్ళజోడు, అపార్ట్‌మెంట్ మనిషిలా ఉంది. మునుపెన్నడూ మా షెడ్డుకు రాలేదు. అక్క ఆమెను ముందు వరసలో కుర్చీ వేసి కూర్చోబెట్టింది. మేమందరం చాపల మీద.

పాస్టరు అయ్యగారు వాక్యం ముగించి, "ప్రార్థన మనవులు ఎవరికైనా ఉన్నాయా?" అని అడిగారు. అక్క కొంగు తల మీదికి లాక్కుని లేచి నిలబడింది.

"అయ్యగారూ, మా చెల్లె కోసం. దేవుడు దానికి గర్భఫలమిచ్చిండు. గా బిల్డింగుల బరువు బకెట్లు మోస్తున్నది. తల్లీ బిడ్డను కాపాడాలెనని అందరు ప్రార్థన జెయ్యుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు. స్తోత్రం, స్తోత్రం అన్నారు. పక్కనున్నామె నన్ను గట్టిగా వాటేసుకుంది. ఉన్నమాట చెప్పాలంటే, నాకు అప్పుడు కోపమే రాలేదు. సిగ్గేసింది. తర్వాత ఏడుపొచ్చింది. నా సొంత అక్క కూడా నా కోసం నలుగురిలో ఇలా నిలబడలేదు అనుకున్నాను. వెర్రిదాన్ని.

సోమవారం సారు నన్ను పక్కకు పిలిచాడు. ఆయనది గుంటూరు వైపు, మాట మెత్తగా ఉంటుంది. "ఏమ్మా, ఇలాంటప్పుడు బకెట్లు ఎత్తొచ్చా? ఇంటి దగ్గర రెస్ట్ తీసుకో. ఆరోగ్యం ముఖ్యం కదా" అన్నాడు. పనిలో ఉండేవాళ్ళ లిస్టులో మా అంతస్తుకు ఒక్క పేరే ఉంది. అక్కది.

ఈయనకెలా తెలిసిందని రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. బుధవారం ఆ తెల్లచీర పెద్దావిడ జామపండ్లు పట్టుకుని మా గది వెతుక్కుంటూ వచ్చింది. నా తల మీద చెయ్యిపెట్టి ప్రార్థన చేసింది. తర్వాత ఎంతో సంతోషంగా చెప్పింది.

"మా అల్లుడితో నేనే గట్టిగా చెప్పానమ్మా. కడుపుతో ఉన్న పిల్ల చేత బరువులు మోయిస్తే దేవుడు ఊరుకోడని."

"మీ అల్లుడెవరమ్మా?"

"అదేంటమ్మా, మీ సూపర్‌వైజరే! ఆ అమ్మాయి నీకు చెప్పలేదా? తనే కదా మా ఫ్లాటుకొచ్చి, మీరు తప్పకుండా రావాలండీ, మా చెల్లి కోసం ప్రార్థన పెడతాను, మీ చెవిన పడితే మంచిదీ అని పిలిచింది."

పాపం ఆవిడ కళ్ళల్లో ఏ కల్మషమూ లేదు. మీ మాట వల్లే నా పని పోయిందని ఆ ముఖం చూసి ఎలా చెప్పను? వందనాలమ్మా అన్నాను.

ఆవిడ వెళ్ళాక మంచంలోంచి మా ఆయన అన్నాడు, "ప్రార్థన మంచిగనే పనిజేసిందే. బకెట్ మోసుడు తప్పింది." నవ్విద్దామని అన్నాడు. ఇద్దరం నవ్వలేదు.

అప్పటినుంచి అక్క నల్లా దగ్గరికి అందరికంటే ముందే వచ్చి వెళ్ళిపోయేది. నాకు ఎదురు పడితే ఒట్టు. అలాంటిది, శనివారం సాయంత్రం తనే మా గుమ్మంలోకి వచ్చింది. ఎందుకో నాకు వెంటనే అర్థమైంది. మర్నాడు నెలలో మొదటి ఆదివారం, అందరం రొట్టె పంచుకునే ప్రభువు బల్ల. ఎవరితోనైనా మాటపట్టింపు ఉంటే సమాధానపడి వచ్చాకే రొట్టె ముట్టాలని అయ్యగారు ప్రతి నెలా చెబుతారు.

"చెల్లె, మనసుల ఏమన్న ఉంటే క్షమించు" అంది, గడప అవతలే నిలబడి.

"ఏం జేసినవో చెప్పక్కా, క్షమిస్త."

"నేనేం జేసిన? ప్రార్థన జేసిన."

"సారు అత్తను ఎందుకు తోల్కొచ్చినవ్?"

"నీకు నీ మొగుడున్నడు. ఇయ్యాల కాకుంటే రేపు లేస్తడు. నాకెవరున్నరే? ముగ్గురు పిల్లలు" అంది.

ఆ ఒక్క మాటకు నా మనసు సగం కరిగింది. నిజంగా. "గిదే మాట రేపు అందరి ముందట చెప్పక్కా. నేనే నిన్ను పట్టుకొని ఏడుస్త" అన్నాను.

"అందరి ముందట ఎట్ల చెప్త?"

"నా సంగతి చెప్పినవ్ గద?"

ఆమె వెళ్ళిపోయింది.

ఆదివారం రొట్టె పళ్ళెం ఆడవాళ్ళ వైపు వచ్చింది. అక్క కళ్ళు మూసుకుని ముక్క తీసుకుంది. నా మనసులో ఆ సమాధానం, ఆ శాంతి లేదు. లేనిదాన్ని ఉన్నట్టు నటించడం నాకు చేతకాదు. పళ్ళెం పక్కామెకు ఇచ్చేశాను. వెనక గుసగుసలు మొదలయ్యాయి. "ఏం జేసిందో ఏమో" అని ఒకామె, "కొలువు పోయినందుకు దేవుని మీదనే అలిగినట్టుంది" అని ఇంకొకామె.

మర్నాడు సాయంత్రం అయ్యగారు మా గదికి వచ్చారు. "ఆమె వచ్చి క్షమాపణ అడిగిందట కదమ్మా. నువ్వే క్షమించలేదట" అన్నారు. అంటే ఆ సగం మాత్రం చెప్పి వచ్చిందన్నమాట! నేను మొత్తం చెప్పాను, మొదటి నుంచీ, ఆయాసం వచ్చేలా. ఆయన ఓపిగ్గా విన్నారు.

"కానీ ఆమె చేసింది ప్రార్థనే కదమ్మా. ప్రార్థనను తప్పని నేనెలా అంటాను?"

"అనకండయ్యగారూ. పళ్ళెం మాత్రం వచ్చే నెల గూడ నన్ను దాటి పోనియ్యండి."

ఆయన బైబిలు చంకలో పెట్టుకుని లేచారు. మా గదికీ అక్క గదికీ మధ్య ఒక్క రేకే అడ్డం. ఆయన వచ్చినప్పటి నుంచీ అవతల గిన్నెలు తోమే చప్పుడు ఆగిపోయి ఉంది. అయ్యగారి చెప్పుల శబ్దం సందు చివరికి వెళ్ళేదాకా ఆగి, మళ్ళీ మొదలైంది.