పదకొండు సున్నాలు

మొన్న తార్నాకలో బస్సెక్కితే పక్క సీటావిడ చేతిరుమాలు విదిలించింది. నీలగిరి తైలం వాసన గుప్పుమంది. అంతే, లాలాపేట్ వచ్చేదాకా నేను బస్సులో లేను, యూనివర్సిటీలో సువార్త మేడం గదిలో ఉన్నాను. ఏడాది పొడుగునా జలుబే ఆవిడకు. రుమాలు మీద రెండు చుక్కలు వేసుకుని, ముక్కు ఎగబీలుస్తూనే మాకు స్టాటిస్టిక్స్ చెప్పేవారు. ఆవిడ పోయి రెండేళ్ళయింది.

ఎమ్మెస్సీ నర్సింగ్‌లో మేమందరం సూదులకు భయపడనివాళ్ళమే గానీ సూత్రాలంటే గడగడలాడేవాళ్ళం. మొదటి రోజే మేడం, "టెంపరేచర్ చార్టు రాసుడు వస్తదా మీకు? అయితే సగం స్టాటిస్టిక్స్ వచ్చినట్లే," అన్నారు. ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది. నోట్సు తేకపోతే చెడామడా తిట్టేవారు, తిట్టాక క్యాంటీనుకు తీసుకెళ్ళి టీ తాగించేవారు.

ఆపరేషన్ అయినవాళ్ళకు పాదాలు మర్దన చేస్తే నొప్పి తగ్గుతుందా అన్నది నా థీసిస్. "సున్నా నుంచి పది దాకా మీ నొప్పి ఎంత?" అని మర్దనకు ముందొకసారి, తర్వాతొకసారి అడిగి రాసుకోవాలి. లెక్క బ్రహ్మాండంగా వచ్చింది. మంచి మార్కులొస్తే మా కాలేజీలోనే ట్యూటర్ ఉద్యోగం. గాల్లో తేలుతూ షీటు తీసుకెళ్ళాను. మేడం 'తర్వాత' అన్న వరుస మీద వేలు పెట్టి కిందికి జరుపుతూ పోయారు.

"సున్నాలు మస్తుగున్నయేంది? అందరు సున్నా అనే చెప్పిన్రా?"

ఉన్నదున్నట్టు ఒప్పేసుకున్నాను. పదకొండు మంది ముందు ఏదో ఒక అంకె అన్నారు గానీ, మర్దన తర్వాత అడిగితే ఏమీ చెప్పలేదు. కొందరు పైకప్పు కేసి చూశారు, కొందరు ఊరికే నవ్వారు. గడి ఖాళీగా ఉంటే బాగుండదని నేనే సున్నా వేశాను.

"చెప్పకపోతే నొప్పి లేనట్లా బిడ్డా? ఖాళీ అంటే తెల్వదని. సున్నా అంటే లేదని. రెండు ఒకటెట్లయితయి?"

ఆ సున్నాలు తీసేసి మళ్ళీ లెక్క కడితే, మర్దన వల్ల తగ్గిందని చెప్పడానికి వీల్లేకుండా పోయింది. ఏడుపొచ్చింది. "ఎవరు చూస్తారు మేడం?" అని నోరు జారాను కూడా. ఆవిడ కోప్పడలేదు. "నడువ్, మీ వార్డుకు పోదాం," అన్నారు.

ఆ పదకొండు మంది ఎప్పుడో ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఆ రోజు మంచం మీద ఇంకో ముసలమ్మ ఉంది. "అమ్మా, సున్నా నుంచి పది దాకా..." అని మొదలుపెట్టాను. ఆమె ఊరికే నవ్వింది. మేడం స్టూలు లాక్కుని కూర్చున్నారు.

"అవ్వా, నిన్నటికి ఇయ్యాల్టికి నొప్పి రూపాయిల ఎంత తగ్గింది?"

"చారాణ తగ్గింది బిడ్డా. బారాణ అట్లనే ఉన్నది."

పావు వంతు తగ్గింది, ముప్పావు మిగిలింది. టక్కున చెప్పేసింది! గోల్నాకలో మా నానమ్మ మోకాళ్ళ నొప్పికీ ఇదే లెక్క చెప్పేది. పుట్టినప్పటి నుంచి విన్న మాటను తెల్లకోటు వేసుకోగానే మరిచిపోయానని సిగ్గేసింది.

'మర్దన పనిచేస్తుందో లేదో ఈ లెక్కతో చెప్పలేను. పదకొండు మందికి నా ప్రశ్న అర్థం కాలేదు' అని థీసిస్‌లో రాశాను. "భయమైతుంది మేడం," అంటే, "అయితది. అయినా గట్లనే ఉండనియ్," అన్నారు. పరీక్షకు వచ్చినాయన ఆ పేజీ దగ్గరే నిలదీశాడు. అత్తెసరు మార్కులతో గట్టెక్కాను. ట్యూటర్ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. ఆ ఉక్రోషంతో కొన్నాళ్ళు మేడం ఫోను కూడా ఎత్తలేదు. ఆవిడ మాత్రం చేస్తూనే ఉన్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఇప్పుడు నేను వార్డు ఇన్‌ఛార్జిని. ఏ మాటలో అడిగితే చెప్పగలరో ఆ మాటలోనే అడుగుతాను. చెప్పకపోతే గడి ఖాళీగా వదిలి, కాసేపాగి మళ్ళీ వెళ్తాను. కొత్త సిస్టర్లు విసుక్కుంటారు, విసుక్కోనీ. ఆ పదకొండు మంది దగ్గరికి మాత్రం మళ్ళీ వెళ్ళలేకపోయాను. వాళ్ళ పాదాలు ఈ చేతులతోనే పట్టాను. ఎంత నొప్పితో ఇంటికి వెళ్ళారో నాకు ఇప్పటికీ తెలియదు.