ముందు దాటని తాడు

ఉస్మాన్‌గంజ్‌లో దాణా దుకాణాల ముందునుంచి పోతుంటే నానిన పత్తిగింజల పులిసిన వాసన తగులుతుంది. తగిలిన ప్రతిసారీ గౌలిపురలోని మా దొడ్డి, అందులో ఉన్నవన్నీ ఉన్నచోటనే కనిపిస్తాయి: గేటు పక్కన రాజవ్వ కొట్టం, తర్వాత గోపయ్యది, ఆపైన మరో నాలుగు కుటుంబాలవి, అన్నిటికంటే లోపల మాది, మధ్యన చేదబావి, రాతి కుడితితొట్టి, గోడలనిండా పిడకలు, బావిగట్టు మీద తాత, ఆయన పక్కన మా పెద్దబర్రె.

తాత దొడ్డికి పెద్ద. ఆయన ఎవరికైనా పని పురమాయించినట్టు నాకు గుర్తులేదు. తెల్లవారకముందే తానే పార పట్టి పేడ ఎత్తడం మొదలుపెడితే మిగతావాళ్లు కళ్లు నులుముకుంటూ వచ్చి కలిసేవారు. ఎండాకాలం మూసీలో కడగడానికి పోయేటప్పుడు ఆయన పెద్దబర్రె తాడు పట్టుకుని ముందు నడిస్తే వెనక దొడ్డంతా కదిలేది. దీపావళి వెళ్లాక కొమ్ములకు నూనె రాసి, మెడలకు గవ్వలపట్టీలు కట్టి ఊరేగించేటప్పుడూ అంతే. ఎవరి బర్రె ఈనినా బెల్లం, యాలకులు వేసిన జున్ను అన్ని ఇళ్లకూ పంచేవారు, గిన్నె అడుగు నాకడానికి మేము పిల్లలం కొట్టుకునేవాళ్లం. మేలైనా కీడైనా మొదట గేటు దాటేది పెద్ద ఇంటి తాడే. అది మా ఆచారం.

తాత పోయాక పెద్దరికం మా నాయనకు వచ్చింది. నాయన గంజ్‌లో ఒక గోదాములో పనిచేసేవాడు. బస్తాలు ఏ వరుసలో దించాలో, ఏ వరుసలో ఎత్తాలో ఆయనకు బాగా తెలుసు. బావికి వంతులు, పేడకు వంతులు, పాలు పితకడానికి వేళలు పెట్టాడు. దొడ్డి అంతకుముందెన్నడూ అంత శుభ్రంగా లేదు. నాయన చేతిలో పార మాత్రం నేను చూడలేదు, జేబుగడియారం చూశాను.

ఒక వానాకాలం పశువులకు పెద్దరోగం వచ్చింది. నోట్లో పుండ్లు, చొంగ, నెత్తుటి విరేచనాలు; మా పెద్దబర్రెతో కలిపి ఐదు జబ్బుపడ్డాయి. మిగతావి దక్కాలంటే జబ్బుపడ్డవాటిని ఆ రోజే గుడిమల్కాపూర్ అవతలి బయలుకు తోలాలన్నాడు నాయన. సరైన మాటే, అందరూ ఒప్పుకున్నారు. కానీ ఆయన వరుస గేటునుంచి వేశాడు. ముందు రాజవ్వది, చివర మాది. గోదాములో పద్ధతి అదే.

రాజవ్వ బర్రె గేటులో నిలబడిపోయింది. పెద్దబర్రె ముందు లేకుండా అది ఎన్నడూ ఆ గడప దాటలేదు. నాయన వెనకనుంచి కట్టెతో కొట్టాడు. బురదలో ముంగాళ్లు జారి అది కూలబడింది.

"దొర గడియారం చూసిండు గని, బర్రెకు టైం తెల్వకపాయె," అన్నాడు గోపయ్య.

రాజవ్వ వచ్చి కట్టె పట్టుకుంది.

"లొల్లి జెయ్యకవ్వా. గేటు కాడికెల్లి వరుస. నాది లోపట ఉన్నది, ఆఖరికి వస్తది."

"మీ బాపు ఉన్నన్నాళ్లు కీడుకు మీ తాడే ముందుగాల దాటింది, బిడ్డా. నువ్వు ముందల నడువు. మేం రామంటిమా?"

వరుస ఒకసారి మారిస్తే రేపటినుంచి తన మాట ఎవరూ వినరన్నాడు నాయన. రాజవ్వ బర్రెను లేపి, తన కొట్టంలోకి మళ్లించి తడిక మూసింది. గోపయ్యా అంతే. పొద్దుగూకేసరికి జబ్బుపడ్డవన్నీ దొడ్డిలోనే ఉన్నాయి. నాయన తన బర్రెను దాచుకుంటున్నాడని అనుకున్నారు. దాచుకోలేదు, వంతు వస్తే పంపేవాడే. వంతుదాకా ఆగడమే వాళ్ల నమ్మకం పోవడానికి చాలింది.

దసరాకల్లా రోగం అన్ని కొట్టాలూ తిరిగి చాలావాటిని ఖాళీ చేసింది. గోపయ్య గంజ్‌లో బండి లాగడానికి కుదిరాడు. రాజవ్వ కూతురి ఊరికి పోతూ మా గుమ్మంవైపు చూడలేదు.

టెక్నికల్ స్కూల్లో నాకు పనిని ఎలా విడగొట్టాలో, ఏది ఎప్పుడు జరగాలో నేర్పారు. నాయన వేసిన వరుసను అక్కడ ఎవరూ తప్పుపట్టరు. ఇప్పుడు కార్ఖానాలో నా కిందా మనుషులున్నారు. చెప్పిన వేళకు చెప్పిన పని చేస్తారు, అంతకు మించి ఒక మేకు కూడా వంగి తీయరు. నాయన ఇప్పటికీ వరుస సరైందే అంటాడు. దొడ్డి ఉన్నచోట ట్రంకుపెట్టెలు చేస్తున్నారు, బావి పూడ్చేశారు, దీపావళి వెళ్లాక ఆ దారిన గవ్వల చప్పుడు లేదు. ఆ గల్లీలో పాడి ఉన్న ఇళ్లు ఇప్పుడు రెండు.