ఉబ్బిన తలుపు

పోయిన వారం డాక్టరు నా చెవిలో శనగగింజంత వినికిడి మిషన్ పెట్టి, "ఈ మధ్య ఎక్కడైనా పడ్డారా?" అని అడిగారు. లేదని అబద్ధమాడాను. పక్కనున్న కోడలు, "బాత్‌రూంల రెండుసార్లు పడ్డది సార్" అని నా గుట్టు కాస్తా బయటపెట్టింది. దానిమీద వచ్చిన కోపం ఇంటికొచ్చేదాకా తగ్గలేదు. తగ్గాక మా అత్త గుర్తొచ్చింది.

ఎనభైల చివర్లో, సిద్దిపేటలో మేం కిరాయికి ఉన్నప్పుడు, అత్తకు రెండు చెవులూ వినపడేవి కావు. అయినా రోజూ పొద్దున బీడీల చాట చంకన పెట్టుకుని, రెండిళ్ల అవతల తన నేస్తం ఇంటికి పోయేది. ఆవిడను మేమంతా ఖాలా అనేవాళ్లం, ఉర్దూలో పిన్ని అని. ఖాలాకు తెలుగు సగమే వచ్చు, అత్తకు ఆ సగమూ వినపడదు. ఇద్దరూ బీడీలు చుడుతూ, చేతి సైగలతోనే వాడకట్టందరినీ ఆడిపోసుకునేవాళ్లు. ఆ దారిలో మురుగునీటి మోరీ దాటుతూ అత్త రెండుసార్లు పడింది. మళ్లీ పడితే తుంటి విరుగుతుందని దవాఖానలో చెప్పారు. మా ఆయనా నేనూ బడిపంతుళ్లం, పగలు ఇంట్లో ఉండం. మరునాటి నుంచి నేను బయట గొళ్ళెం పెట్టి పోయేదాన్ని. అత్తకు చెప్పలేదు. చెబితే ఒప్పుకోదు, చెప్పకుండా పెడితే చప్పుడు వినపడదు. సాయంత్రం రాగానే, "తలుపు వానకు ఉబ్బింది బిడ్డా, ఎంత గుంజినా రాలే" అనేది. అవునని తలూపేదాన్ని. ఎండాకాలం వచ్చినా ఊపాను.

ఆ ఎండాకాలమే మా ఆయన హైదరాబాద్ నుంచి మిషన్ తెచ్చారు. రవికెలో పెట్టుకునే డబ్బా, చెవిదాకా తీగ. కుక్కర్ కూతకు అత్త ముందు ఉలిక్కిపడి, తర్వాత నవ్వింది. "కాకులు ఇంక అర్సుడు బందు వెట్టలేదా" అని మురిసిపోయింది. ఆ సంబరంలో నేనేం ఆలోచించలేదు. మరునాడు అలవాటుగా గొళ్ళెం పెట్టి బడికి పోయాను.

సాయంత్రం తలుపు తీస్తే, ఎదురుగా అత్త చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒక్క బీడీ కూడా చుట్టలేదు.

"గొళ్ళెం సప్పుడు ఇన్న" అంది. చెవి నుంచి తీగ తీసి, డబ్బా నా చేతిలో పెట్టింది. "గిది నాకొద్దు. ఇనకున్నప్పుడు తలుపు ఉబ్బిందనుకుంటి. గదే నయముండె."

సిగ్గుతో చచ్చిపోయాను. అయినా మరునాడూ గొళ్ళెం పెట్టాను, ఆమె చూస్తుండగానే. తుంటి విరిగితే ఎవరు చూస్తారన్న భయం సిగ్గుకంటే పెద్దది. అత్త మళ్లీ తలుపు గుంజలేదు. ఖాలాయే కిటికీ దగ్గరికి వచ్చి నిలబడేదట. ఊచల మధ్య నుంచి ఎంతసేపని సైగలు చేసుకుంటారు, కొన్నాళ్లకు ఆవిడా మానేసింది.

సోమవారం నుంచి కోడలు మళ్లీ ఆఫీసుకు పోతుంది. నిన్న వీధి తలుపుకు కొత్త తాళం తెచ్చింది. ఎందుకని నేను అడగలేదు. ఆ పొద్దున మిషన్ పెట్టుకుని తాళం చప్పుడు వినాలా, తీసేసి కూర్చోవాలా అని తేల్చుకోవడానికి నాకింకా రెండు రోజులున్నాయి. అత్తకు నేను ఆ రెండు రోజులు కూడా ఇవ్వలేదు.